నూటికి నలుబది

2024 జూలై 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు వికలాంగుల నెలవారి పింఛనును 3,000 రూపాయలనుండి 6,000 రూపాయలకు పెంచి, సచివాలయ ఉద్యోగులచేత ఇంటి గడపకే పంపి ఇప్పించిరి. మంచము దిగలేనివారికి 15,000 రూపాయలు నిర్ణయించిరి. 2014 అక్టోబరునకు పూర్వము ఇదే పింఛను 500 రూపాయలుగా నుండెనని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ పెంపు ఎంతటిదో తెలియగలదు. మెచ్చదగిన పనిని మెచ్చుటకు మేము వెనుదీయము. ఒంటికాలి మనిషికి ఇంటిలో ఒక స్థానమును, వీధిలో ఒక మాటయు కల్పించిన సొమ్మిది.

ఆరు నెలలు తిరిగినవో లేదో రెండవ అంకము మొదలైనది. పింఛనుదారులలో అనర్హులు పెక్కుమంది చేరియున్నారని చెప్పి, ప్రభుత్వమువారు 2025 జనవరి మొదలుకొని వైకల్య పునఃపరీక్ష నారంభించిరి. 15,000 రూపాయలు పొందుచున్నవారి ఇండ్లకు వైద్య బృందములను పంపిరి. మిగిలిన వికలాంగులను, సుమారు 8 లక్షల మందిని, విడతలుగా ఆసుపత్రులలోని సదరం శిబిరములకు పిలిపింపదలచిరి. ఆ సంవత్సరము ఆగస్టు నెలలో లక్షకు పైబడిన మందికి నోటీసులు వెళ్లినవి. మీ వైకల్యము నూటికి నలుబదికి తక్కువగా నున్నదని కొందరికి, మీది తాత్కాలిక వైకల్యమని కొందరికి వ్రాసిరి. కావున పింఛను నిలిచిపోవునని దాని తాత్పర్యము. రాష్ట్రమంతట కలెక్టరు కచేరీలముందు చంకకర్రలతోను, మూడు చక్రముల బండ్లతోను జనము కూడిరి. నెలాఖరునకు ప్రభుత్వమువారు కొంత మెత్తబడి, అప్పీలు చేసికొన్నవారికి సెప్టెంబరు పింఛను ఆపబోమనిరి.

పత్రికలలో వచ్చిన చర్చయంతయు ఎందరు దొంగలు, ఎందరు దొరలు అను లెక్కమీదనే నడచినది. మా ప్రశ్న వేరు. ఈ పరీక్షకు ఎంత ఖర్చయినది? ఆ ఖర్చు ఎవరు పెట్టుకొనిరి?

ప్రభుత్వమువారి వాదమును ముందుగా న్యాయముగా చెప్పవలెను. దొంగ ధ్రువపత్రములు లేవని మేమనము. పింఛను మూడువేలుగా నున్నప్పుడే దళారులుండిరి. ఆరువేలయినప్పుడు వారి ధర పెరుగకుండునా? చెవులు చక్కగా వినబడువాడు చెవిటివాడనియు, రెండు కాళ్లమీద పొలము దున్నుకొనువాడు కుంటివాడనియు వ్రాయించుకొని నెలనెల సొమ్ము తీసికొనుచున్నచో, వాడు దొంగిలించునది ఖజానానుండి కాదు, నిజమైన వికలాంగుని విస్తరినుండి. వానిని పట్టుకొనవలసినదే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 91వ సెక్షను ప్రకారము అట్టివానికి రెండేండ్లవరకు ఖైదును, లక్ష రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును. చట్టము చేతిలోనే యున్నది.

ఐతే ఆ పత్రము తనంతట తాను పుట్టలేదు గదా! దానిపై ప్రభుత్వ వైద్యుని సంతకము కలదు. ప్రభుత్వ ముద్ర కలదు. 2010 ప్రాంతమున సదరం ఏర్పాటు వచ్చినది మొదలు, శాతమును కంప్యూటరులో లెక్కగట్టి అచ్చొత్తి ఇచ్చినది ప్రభుత్వమే. తప్పుడు పత్రములు లక్ష పుట్టియున్నచో తప్పుడు సంతకములును లక్ష యుండవలెను. సంతకము చేసినవారిపై చర్య యుండునను మాట వినబడినది గాని, పింఛనుదారుని గుమ్మము తొక్కిన నోటీసంత వేగముగా అది నడిచినట్లు మాకు కనబడలేదు. ఒక మనిషికి పదేండ్ల క్రిందట నూటికి డెబ్బది యని వ్రాసినవాడును ప్రభుత్వ వైద్యుడే, నేడు నూటికి ముప్పది యని వ్రాసినవాడును ప్రభుత్వ వైద్యుడే యనుకొందము. ఇరువురిలో ఒకరు తప్పు చేసియుండవలెను. ఎవరు తప్పు చేసిరో తేల్చు బాధ్యత ఆ ఇరువురిని నియమించిన ప్రభుత్వముది కాక, వారిముందు కాలుచాచి కూర్చున్న రోగిది ఎట్లగును?

ఇంతకును ఆ రోగి శిబిరమునకు చేరిన విధము చూతము. మా నర్సీపట్నమునే తీసికొందము. గొలుగొండ, నాతవరము, మాకవరపాలెము, రోలుగుంట మండలముల పల్లెలకు ఈ పట్టణమే దిక్కు. పేరునకు నర్సీపట్నం రోడ్డు అను రైలుస్టేషను కలదు గాని, అది ఊరికి ఇరువది కిలోమీటర్లకు పైగా దూరము. పేరు చూచి రైలు దిగినవాడు మరల బస్సు వెదకుకొనవలెను. జిల్లా కేంద్రమైన అనకాపల్లికి నలుబది కిలోమీటర్లకు పైన. కింగ్ జార్జి ఆసుపత్రియు, ప్రభుత్వ కంటి ఆసుపత్రియు, చెవి ముక్కు గొంతు ఆసుపత్రియు, మానసిక వైద్యశాలయు ఉన్న విశాఖపట్నమునకు ఎనుబది కిలోమీటర్లకు పైన. కాళ్లున్నవారికి ఇవి దూరములే కావు. నడుము క్రింద చచ్చుపడినవానికి ఊరి చివరనున్న బస్సు ఆగు చోటే దూరదేశము. వాడు బస్సు మెట్టెక్కలేడు. ఆటో ఒకటి పూర్తిగా మాట్లాడుకొనవలెను. ఎత్తి కూర్చుండబెట్టుటకు ఒకరు, కొన్ని సందర్భములలో ఇద్దరు తోడు రావలెను. ఆ తోడు వచ్చినవాడు ఆనాటి కూలి వదలుకొనవలెను.

లెక్క కొరకు ఒక అంచనా వేసి చూచితిమి. ఆటో కిరాయి రానుపోను వెయ్యి రూపాయలనుకొందము. 2025–26లో మన రాష్ట్రమున ఉపాధి హామీ పనికి నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. తోడు వచ్చినవానికి పోయినది అది. జిరాక్సులు, ఫొటోలు, ఇద్దరి భోజనము కలిపి రెండు వందలు. మొత్తము పదునైదు వందలు దాటినది. అనగా ఒక నెల పింఛనులో నాలుగవ వంతు ఒక్కనాటి ప్రయాణమున కరగిపోయినది. ఆ దినమున వైద్యుడు రాకపోయినను, యంత్రము పనిచేయకపోయినను, కంప్యూటరు మొరాయించినను మరియొకమారు రావలెను. వినికిడి పరీక్షలలో మెదడు స్పందనను కొలుచు పరీక్ష యొకటి కలదు. అట్టి యంత్రములు పెద్ద ఆసుపత్రులలోనే యుండును గనుక అనుమానము వచ్చిన చెవిటివానిని అక్కడికి పంపుదురు. నోటీసు వచ్చి అప్పీలు చేసికొన్నచో ఇంకొక ప్రయాణము. మూడు ప్రయాణములతో ఒక నెల పింఛను మూడువంతులు పోవును. ఇంతయు పెట్టి, తనకు కాలు లేదని ప్రభుత్వమునకు ఎరుకపరచుకొనుటకే!

ఈ పట్టణమునుండి చింతపల్లికి ఎక్కు కొండదారి కథ మా పాఠకులెరిగినదే. ఆ దారి పనిలో మన్యపువారికి సరిగా కూలి ముట్టకపోవుటయు 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన పితూరీకి ఒక కారణము. నేడు వెట్టి లేదు. ఐనను ప్రభుత్వము తన ఖాతాలను సరిచూచుకొనుటకై లక్షలమంది పేదలచేత తమ ఖర్చుతో, తమ కూలి పోగొట్టుకొని, దినముల తరబడి పని చేయించుకొన్నప్పుడు దానికి ఏమి పేరు పెట్టవలెనో మాకు తోచుటలేదు. 2022 ఏప్రిలులో జిల్లాలు విడిపోయిన తరువాత కొండమీదివారికి చిక్కు ఇంకొకటి చేరినది. వారికి బేరసారములకు నర్సీపట్నము అలవాటు. కాగితమునకు మాత్రము పాడేరు. క్రింద తెలిసిన వైద్యుడున్నను, మీది జిల్లాలోనే వరుస నిలువవలెను.

8 లక్షల మందిలో ఒక్కొక్కరు 500 రూపాయలే ఖర్చుపెట్టినారనుకొన్నను అది 40 కోట్ల రూపాయలగును. ఈ 40 కోట్లు ఏ బడ్జెటు పుస్తకములోను కానరావు. శాసనసభలో ఎవరును అడుగరు. వికలాంగుల చిల్లర సంచులనుండి, కిరాణా కొట్టు అప్పులనుండి పోగైన సొమ్మిది. దీనికి తోడు వైద్యుల కాలము కలదు. ఎముకల వైద్యుడు, కంటి వైద్యుడు, చెవి వైద్యుడు, మానసిక వైద్యుడు మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఎంత కొద్దిమందియో అందరికి తెలిసినదే. వారిని శిబిరములలో కూర్చుండబెట్టిన దినమున, చేయి విరిగి వచ్చినవాడు, కంటిపొర పెరిగినవాడు బయట బల్లమీద కూర్చుండవలెను. ఆ నిరీక్షణకు వెల కట్టినవారు లేరు.

డబ్బు లెక్క ఇట్లుండగా, దానికి మించినది ఒకటి కలదు. పరీక్షకు పోవు మనిషి తన దుర్బలతను ప్రదర్శింపవలెను. ఎన్నో ఏండ్లుగా కష్టపడి నేర్చుకొని, కుంటికాలితోనే నాలుగడుగులు చక్కగా వేయగలిగినవాడు ఆనాడు ఆ నాలుగడుగులు వేయుటకు భయపడును. చక్కగా నడచినచో శాతము తగ్గునేమో! బుద్ధిమాంద్యము గల బిడ్డ ఆనాడు అదృష్టవశమున తన పేరు తాను చెప్పినచో, ఏ తల్లియైనను సంతోషింపవలసిన ఆ క్షణమున గుండె గుభేలుమనును. బిడ్డ మాటలాడెనని తల్లి బెదరవలసిన స్థితిని ఏ పరీక్ష కల్పించునో ఆ పరీక్షలో ఎక్కడనో దోషమున్నదని చెప్పుటకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. చెవిటివానిని వెనుకనుండి చప్పుడు చేసి చూచుట, నటించుచున్నాడేమోయని కన్నులలోనికి చూచుట, వరుసలో నిలుచున్నవారందరు వినునట్లు ప్రశ్నలడుగుట, ఇవియన్నియు వైద్యముకొరకు వచ్చిన రోగికి కావు, విచారణకు వచ్చిన ముద్దాయికి జరుగునట్టివి. ముద్దాయికైనను నేరము రుజువగువరకు నిర్దోషియను రక్షణ యున్నది. ఇక్కడ నోటీసు ముందు, అప్పీలు తరువాత.

ఇక మాటలకు కరవు లేదు. వికలాంగులను ‘దివ్యాంగులు’ అనుట ఢిల్లీవారి పద్ధతి. ‘విభిన్న ప్రతిభావంతులు’ అనుట మన ప్రభుత్వ శాఖ పద్ధతి. పేర్లు నానాటికి పెద్దవగుచున్నవి. వరుసలో ఎండకు కూర్చుండుటకు బల్ల యొకటి వేసినచో పాత పేరైనను వారికి అభ్యంతరముండదని మా నమ్మకము.

ఇప్పుడు ఈ నూటికి నలుబది సంగతి. 2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. 1995 నాటి పాత చట్టములో ఏడే యుండెను. ఇది మంచి మార్పు. ఐతే రిజర్వేషనులవంటి ముఖ్య సౌకర్యములు పొందుటకు వైకల్యము నూటికి నలుబదికి తక్కువ కారాదని కొలబద్ద పెట్టిరి. రాష్ట్ర పింఛనులకును అదే గీత. గీత ఎక్కడనో ఒకచోట గీయవలెను, కాదనము. కాని ఆ గీతకు అటునిటు ఏమి జరుగుచున్నదో చూడవలెను.

ఒకనికి రెండు లోపములున్నప్పుడు రెండును కేవలము కూడరు. దానికొక సూత్రము కలదు. పెద్ద లోపము శాతమును అట్లే యుంచి, దానిని 90నుండి తీసివేయగా వచ్చిన శేషమును చిన్న లోపముచేత గుణించి, 90చేత భాగించి, ఆ వచ్చినదానిని పెద్దదానికి కలుపుదురు. కాలిలో 30, చేతిలో 15 శాతము లోపమున్నవానికి ఈ లెక్కప్రకారము సరిగా 40 వచ్చును. వానికి నెలకు ఆరువేలు. చేతిలో 15కు బదులు 14 వ్రాసినచో 39 దాటి 40కి కొంచెము తక్కువలో ఆగిపోవును. వానికి ఏమియు లేదు. కండబలమును చేతితో నొక్కి చూచి, కీలు ఎంత వంగునో కొలిచి వ్రాయునట్టి అంకెలో ఒక్కటి అటునిటగుట ఏమంత వింత? ఉదయము మొదట చూచిన రోగికిని, సాయంకాలము నూరవవానిగా చూచిన రోగికిని మధ్య వైద్యుని అలసటయే ఒక శాతముండును. ఆ ఒక్క శాతము ఖరీదు సంవత్సరమునకు 72,000 రూపాయలు.

మరియు ఈ అంకె కొలుచునది దేనిని? శరీరమును. బ్రతుకును కాదు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టములో, రెండవ కన్ను బాగుగానున్న మనిషికి ఒక కన్ను పూర్తిగా పోయినచో సంపాదన శక్తిలో నూటికి 40 పోయినట్లు లెక్కగా నుండెను. నేటి వైకల్య నిర్ణయ సూత్రములలో, రెండవ కన్ను బాగున్నచో ఒక కన్ను చూపు మొత్తము పోయినను నూటికి 30 మాత్రమే. ఒకే దేశమున, ఒకే కంటికి, రెండు చట్టములలో రెండు వెలలు! ఆ పాత పట్టిక, యంత్రములో కన్ను పోగొట్టుకొన్న కూలివాని సంపాదనను తలచి వ్రాసినది. నేటి సూత్రము కంటిని మాత్రము తలచినది.

ఈ భేదమును మన సుప్రీంకోర్టు 2010 అక్టోబరులో ఒక మోటారు ప్రమాదపు తీర్పులో చక్కగా విడదీసినది. ఎడమచేయి తెగినచో శరీర వైకల్యము నూటికి అరువది యనుకొన్నను, ఆ మనిషి డ్రైవరో వడ్రంగియో ఐనచో వాని సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్లే. ప్రభుత్వ కచేరీలో గుమస్తా ఐనచో ఉద్యోగము నిలిచియే యుండవచ్చును. ఈ వివేచన పరిహారమునకు పనికివచ్చినప్పుడు పింఛనునకేల పనికిరాదు? తాడిచెట్టెక్కు గీత కార్మికునికి కాలిలో 35 శాతము లోపమన్నచో వాని వృత్తి పోయినదన్నమాట. నాగలి పట్టువానికి, మూట మోయువానికి, మగ్గపు గుంటలో కాలాడించువానికి అట్లే. ఈ మనుష్యులకు కుర్చీలో కూర్చుండి చేయు పని ఇచ్చువారు మన పల్లెలలో లేరు. వారికి 35 శాతమును 100 శాతమును ఒకటే. శాతము చూచువారు వాని పని ఏమని ఒక్కమాట అడుగవలసిన గడి ఆ కాగితములో లేదు.

తాత్కాలికమను మాటకు వత్తము. కొన్ని వైకల్యములు చికిత్సచే తగ్గును, కొన్ని ముదురును. వానిని కాలానుగుణముగా చూడవలసినదే. కాని తెగిన కాలు మరల మొలవదు. పసితనమున పోలియో తగిలి సన్నబడిన కాలు యాబదియవ ఏట లావెక్కదు. మన దేశమున చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చినది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఈ ప్రాంతమునుండి ఆ రోగము పోయినదని ప్రకటించిరి. ఆ విజయమునకు ముందు పుట్టి, ఆ టీకా అందక కాళ్లు పోగొట్టుకొన్న తరము నేడు నడివయసులో నున్నది. వారి కాళ్లను మరల కొలుచుటవలన తెలియవచ్చు కొత్త సంగతి ఏమున్నది? పుట్టుగుడ్డికి మరల చూపు పరీక్ష చేయుటవలన ఖజానాకు వచ్చు లాభమేమి? ప్రభుత్వ లెక్కప్రకారమే పరీక్షకు వచ్చినవారిలో అధిక సంఖ్యాకులు అర్హులని తేలిరి. అనగా అధిక సంఖ్యాకులు తమ సొమ్ము, తమ దినము, తమ పరువు వ్యర్థముగా పోగొట్టుకొనిరి.

ఈ మార్గమున మనకంటె ముందు నడచి చేతులు కాల్చుకొన్న దేశమొకటి కలదు. ఇంగ్లండులో 2008లో పనిచేయు శక్తిని కొలుచు పరీక్ష నొకదానిని పెట్టి, పాత భృతి పొందుచున్న వికలాంగులను 2010నుండి దానిప్రకారము మరల పరీక్షింప సాగిరి. పరీక్షించు పనిని ప్రైవేటు కంపెనీకి గుత్తకిచ్చిరి. మూడేండ్లలో పదిలక్షలకు పైగా జనము దానికి లోబడిరి. లివర్‌పూల్, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయముల పరిశోధకులు 2015లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, ఈ పరీక్షలు ఎక్కువగా జరిగిన ప్రాంతములలో ఆత్మహత్యలు ఎక్కువైనవి. మొత్తముమీద సుమారు 590 ఆత్మహత్యలు అదనముగా జరిగియుండునని వారి అంచనా. ఒకటి రెండవదానికి కారణమని దీనివలన కచ్చితముగా రుజువు కాలేదు. ఐనను కొట్టివేయదగిన సంఖ్య కాదు. డబ్బు సంగతి అంతకంటె వింత. 2016 జనవరిలో ఆ దేశపు జాతీయ ఆడిటు కార్యాలయమువారు లెక్క చూడగా, మూడేండ్లలో పరీక్షలకు 160 కోట్ల పౌనులు ఖర్చు కానుండగా, భృతిలో 2020 నాటికి మిగులునని ఆశించినది 100 కోట్ల పౌనులకు తక్కువ. దొంగను పట్టుటకు పెట్టిన కాపలా జీతము దొంగతనముకంటె ఎక్కువైనది! ఆ దేశమునందే 2013లో వచ్చిన మరియొక వికలాంగ భృతి విషయమున, అప్పీలు విచారణకు చేరినవానిలో 2020 మొదలు కొన్నేండ్లపాటు నూటికి అరువదికి పైగా వికలాంగుల పక్షముననే తీర్పులు వచ్చినవి. అనగా మొదటి పరీక్ష అంత నమ్మదగినదన్నమాట.

అక్కడి పద్ధతికిని ఇక్కడి పద్ధతికిని భేదములు లేకపోలేదు. మన పరీక్షలు ప్రభుత్వ వైద్యులే చేసిరి, కంపెనీలు కావు. అది మంచిదే. కాని ఇంగ్లండులో పింఛను పోయినవాడు కోర్టుకెక్కుటకు సలహాదారులున్నారు, ఖర్చును లెక్కించి పార్లమెంటు ముందు పెట్టు ఆడిటరున్నాడు, దుష్ఫలితములను కొలిచిన విశ్వవిద్యాలయములున్నవి. మన పునఃపరీక్షవలన ఎందరు అప్పుల పాలైరో, ఎందరు మందులు మానిరో, ఎన్ని ఇండ్లలో పొయ్యి మీది కుండ చిన్నదైనదో లెక్కింపుమని ఎవరిని నియమించిరి?

ఖజానా పక్షమున కూడ ఒక లెక్క వేయుదము. 8 లక్షల మందికి నెలకు ఆరువేల చొప్పున 480 కోట్లు, ఏటికి 5,760 కోట్లు. చిన్న మొత్తము కాదు. లక్షమంది పింఛను తొలగించినచో ఏటికి 720 కోట్లు మిగులవలెను. కాని తొలగింపబడినవారిలో వృద్ధులును, వితంతువులును కలరు. వారిని 4,000 రూపాయల పింఛనులోనికి మార్చినచో మిగులునది తలకు రెండువేలే. అప్పీలులో గెలిచినవారిని తీసివేసినచో ఇంకను తగ్గును. ఇందులోనుండి శిబిరముల ఖర్చు, వైద్యుల దినములు, ఉద్యోగుల తిరుగుడు తీసివేసి, నికరముగా ఎంత మిగిలినదో ప్రభుత్వమువారు శ్వేతపత్రముగా ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. ఆ అంకె ప్రక్కనే వికలాంగులు పెట్టుకొన్న ఖర్చు కూడ వ్రాయవలెను. ఖర్చు విషయమున ఢిల్లీవారు మన ప్రభుత్వమునకు చేయుచున్న సాయమును గూర్చియు ఒకమాట చెప్పవలసియున్నది. కేంద్రమువారి వికలాంగ పింఛను నూటికి ఎనుబది శాతము వైకల్యమున్న నిరుపేదలకు మాత్రమే. దాని మొత్తము 300 రూపాయలని 2012లో నిర్ణయించి తరువాత ఆ సంగతి మరచిరి. భారమంతయు రాష్ట్రముమీదనే పడినది. ఆ బరువు మాకు తెలియును. బరువున్నదని కుంటివాని భుజముమీదికి దింపుటయే మేమొప్పుకొనలేనిది.

ఏమి చేయవలెనని అడుగుదురేమో. మంచము పట్టినవారి ఇండ్లకు 2025 జనవరిలో వైద్య బృందములు వెళ్లగలిగినప్పుడు, నడువలేనివారందరి విషయమున మండల కేంద్రమువరకైనను వెళ్లలేకపోవునా? ఎన్నికల యంత్రములు కొండ శిఖరముల మీది పోలింగు కేంద్రములకు పోవుచున్నవి గదా! వినికిడి యంత్రమును ఒక వ్యానులో పెట్టి త్రిప్పుట అసాధ్యము కాదు. పిలిపించినప్పుడు దారి ఖర్చును, తోడు వచ్చినవాని ఒకరోజు కూలిని ప్రభుత్వమే ఇయ్యవలెను. తన ఖర్చనగానే ఎవరిని పిలువవలెనో ఎవరిని పిలువనక్కరలేదో ప్రభుత్వమునకే తెలిసివచ్చును. తెగిన అవయవములు, పుట్టుగుడ్డితనము, పోలియో, ఇట్టివానిని పునఃపరీక్షనుండి శాశ్వతముగా మినహాయింపవలెను. గీతకు అటునిటు ఐదారు శాతములలో నున్నవారి విషయమున మరియొక వైద్యుడు స్వతంత్రముగా చూడవలెను, వారి వృత్తిని విచారింపవలెను. అప్పీలు తేలువరకు ఒక్క నెల పింఛనైనను ఆగరాదు. 2025 సెప్టెంబరులో జనము వీధికెక్కిన తరువాత దయగా ఇచ్చినది, ఇకముందు నియమముగా ఉండవలెను. ఇక దొంగ పత్రము దొరికినచోట, దానిని అమ్మిన దళారినుండి మొదలుపెట్టి మీదికి పోవలెను, క్రిందికి కాదు.

మా ఊరి పఠనాలయములకు వచ్చు చదువరులకు ఒక విన్నపము. నోటీసు అందుకొన్నవారిలో చాలమందికి దానిలో ఏమి వ్రాసియున్నదో చదువుకొను వీలు లేదు. చదువగలవారు మీలో కలరు. అట్టివాడు మీ వీధిలోనున్నచో నోటీసులోని గడువు తేదీని ముందు చూచి పెట్టుడు. పల్లెలలో మండల పరిషత్తు అభివృద్ధి అధికారికి, పట్టణములో మునిసిపల్ కమిషనరుకు అప్పీలు వ్రాసి ఇచ్చి, అందినట్లు సంతకమును తేదీని మరియొక ప్రతిమీద తీసికొనుడు. పాత సదరం పత్రమును, ఆపరేషను కాగితములను, ఎక్సురే ఫిలిములను పారవేయనీయకుడు. వైద్యుడు ఏ కీలునకు ఎంత శాతము వేసెనో చూపు పరీక్షా పత్రము నకలును 2005 నాటి సమాచార హక్కు చట్టముక్రింద కోరవచ్చును. ముప్పది దినములలో ఇయ్యవలెను. 2016 చట్టము 59వ సెక్షను శాత నిర్ణయముపై అప్పీలు హక్కు నిచ్చుచున్నది. వికలాంగునకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయ సహాయము 1987 నాటి న్యాయసేవల చట్టమువలన లభించును. న్యాయస్థానముల వద్దనున్న న్యాయసేవా సంఘములలో అడుగవలెను. పరీక్షకు పిలుపు వచ్చినవానితో వెంట పోవువారు లేకపోయినచో, మీలో సెలవున్నవారు ఒక పూట వెళ్లుడు. ఆటో కిరాయి రసీదు తీసికొని దాచి పెట్టుడు. ఆ రసీదులు ఒకచోట చేరినప్పుడు వానిని కలెక్టరుగారికి పంపు భారము మేము వహింతుము.